నలభై ఏళ్ల పరపతికి రెండు పేజీలు

గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ప్రకటించి, కాటాల వద్ద సందడి తగ్గిన తరువాత వర్తకులకు మరొక పని మొదలవుతుంది. మార్చి 31తో ఖాతాలు మూసి, పుస్తకాలు ఆడిటరుకు అప్పగించి, క్యాష్ క్రెడిట్ పరిమితి పునరుద్ధరణకో, కొత్త ఋణానికో బ్యాంకుకు కాగితాలు సమర్పించవలసిన అదను అది. అంకెల పట్టికలు ఆడిటరు తయారుచేస్తారు. యంత్రాల ధరల వివరాలు ఆ కంపెనీలే పంపుతాయి. స్థలం దస్తావేజులు ఎటూ బీరువాలో ఉంటాయి. ఎవరూ పట్టించుకోక మిగిలిపోయేవి ప్రాజెక్టు రిపోర్టులో అన్నిటికంటె ముందుండే రెండు పేజీలు. సంస్థ పూర్వాపరాలు, సంస్థ బలాలు అనే శీర్షికలతో వ్రాసేవి.

ఈ రెండు పేజీలను చాలామంది పాత రిపోర్టు నుంచి టైపు చేయిస్తారు. లేదా పక్క కొట్టువారి రిపోర్టు తెచ్చి పేరు మార్పిస్తారు. ఫలితంగా మిర్చి సంస్థ రిపోర్టులో పత్తి గింజల ప్రస్తావన కనిపించిన సందర్భాలు బ్యాంకు వర్గాలకు కొత్త కాదు. "ఈ రంగంలో అపారమైన అనుభవం, అచంచలమైన నిజాయితీ, విస్తృతమైన ఖాతాదారుల ఆదరణ" అన్న మాటలు అన్ని రిపోర్టుల్లోనూ ఒకే వరుసలో ఉంటాయి. పెళ్లి శుభలేఖలో వరుని గుణగణాలు చదివినట్టు అధికారి వాటిని చదివి పేజీ తిప్పేస్తాడు.

పూర్వం దీనివల్ల పెద్ద నష్టం ఉండేది కాదు. బ్రాంచి మేనేజరుకు సంస్థ సంగతి స్వయంగా తెలిసేది. యార్డులో ఎవరి కొట్టుకు ఎన్ని బళ్లు వస్తున్నాయో, ఎవరు రైతుకు సాయంత్రానికల్లా పట్టీ డబ్బు చెల్లిస్తారో, ఎవరు రేపు మాపు అంటారో ఆయన చెవిన పడేది. రిపోర్టు అనేది ఫైలుకోసం మాత్రమే. ఇప్పుడా పరిస్థితి లేదు. కొద్దిపాటి మొత్తం దాటిన ఏ ఋణమైనా బ్రాంచి నుంచి పై కార్యాలయంలోని పరిశీలనా విభాగానికి పోతుంది. అక్కడ కాగితాలు చూసే అధికారి మిర్చి యార్డులో ఎన్నడూ అడుగుపెట్టి ఉండకపోవచ్చు. తేజకూ సన్నానికీ తేడా ఆయనకు తెలియవలసిన అవసరమూ లేదు. నలభై ఏళ్లుగా బజారులో సంపాదించిన పరపతి ఆయన వద్దకు చేరేది ఆ రెండు పేజీల ద్వారానే.

ఒక సంస్థను ఊహించుకుందాం

పట్నం బజారులో చిన్న కొట్టుతో 1978లో కమీషన్ వ్యాపారం ప్రారంభించిన ఒక సంస్థ ఉన్నదనుకుందాం. తండ్రి, పినతండ్రి భాగస్వాములు. కొంతకాలానికి పినతండ్రి విడిపోయి వేరే కొట్టు పెట్టుకున్నారు. కుమారుడు చదువు ముగించి కొట్టులో కూర్చున్నాడు. కమీషన్‌తో పాటు సొంత ఖాతాపై సరుకు కొని శీతల గిడ్డంగిలో నిల్వ చేసి, ధర వచ్చినప్పుడు అమ్మడం కూడా జరుగుతున్నది. ఇప్పుడు తొడిమ తీసిన కాయను, కారంపొడిని తయారుచేసే యూనిట్ పెట్టాలని కుమారుని కోరిక. ఇందుకు యంత్రాలకు ఒక ఋణం, సరుకు కొనుగోలుకు నిర్వహణ పెట్టుబడి కావాలి. తండ్రి ఇల్లు తనఖా పెట్టడానికి ఒప్పుకున్నారు. ఋణం సకాలంలో మంజూరు కాకపోతే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు సరుకు ముమ్మరంగా వచ్చే రోజులు చేజారతాయి. యంత్రాలు సిద్ధమైనా వాటికి వేయవలసిన కాయను మరుసటి నెలల్లో గిడ్డంగి ధరకు కొనవలసి వస్తుంది.

ఇటువంటి సంస్థ రిపోర్టు మొదటి పేజీలో సాధారణంగా కనిపించే వాక్యం ఈ విధంగా ఉంటుంది: "మా సంస్థ నాలుగు దశాబ్దాలకు పైగా మిర్చి వ్యాపారంలో అగ్రగామిగా నిలిచి, 15 కోట్ల టర్నోవరుతో దినదినాభివృద్ధి చెందుతున్నది."

ఈ ఒక్క వాక్యంలో మూడు చిక్కులున్నాయి. అగ్రగామి అన్న మాటకు ఋజువు లేదు. నాలుగు దశాబ్దాల్లో సంస్థ రూపం మారిన సంగతి లేదు. ఇక 15 కోట్ల టర్నోవరు అన్నది అన్నిటికంటె ప్రమాదకరమైన మాట.

టర్నోవరు ఎవరిది?

కమీషన్ ఏజెంటు కొట్టులో అమ్ముడైన సరుకు రైతుది. ఏజెంటు ఆదాయం కమీషన్ మాత్రమే. 15 కోట్ల రూపాయల సరుకు కొట్టు ద్వారా అమ్ముడైనా, నూటికి 2 రూపాయల చొప్పున లెక్క వేస్తే సంస్థకు వచ్చేది 30 లక్షలు. మొత్తం అమ్మకాల విలువను తన టర్నోవరుగా చూపించిన సంస్థ లాభనష్టాల ఖాతాలో మాత్రం 30 లక్షల కమీషన్ చూపిస్తుంది. పై కార్యాలయంలోని అధికారికి ఈ రెండు అంకెలూ పొసగవు. వర్తకుని మనసులో మోసం లేకపోవచ్చు. బజారులో అందరూ మాట్లాడే పద్ధతి అదే. కానీ ఆ అధికారి మాత్రం సంస్థ అంకెలను పెంచి చూపిందనే అనుకుంటాడు.

ఇది కేవలం మాటల తేడా కాదు. చిన్న సంస్థలకు నిర్వహణ పెట్టుబడి నిర్ణయించడానికి నాయక్ కమిటీ 1992లో సూచించిన పద్ధతి నేటికీ ఆధారం. అంచనా టర్నోవరులో నూటికి 25 వంతులు నిర్వహణ పెట్టుబడిగా లెక్కించి, అందులో 20 వంతులు బ్యాంకు ఇస్తుంది, 5 వంతులు వర్తకుడు తన సొమ్ము పెట్టాలి. 15 కోట్ల టర్నోవరు నిజంగా సంస్థదే అయితే లెక్క ప్రకారం అవసరం 3 కోట్ల 75 లక్షలు, బ్యాంకు వంతు 3 కోట్లు, సంస్థ మార్జిను 75 లక్షలు. సొంత ఖాతాపై అమ్మింది అందులో 5 కోట్లు మాత్రమే అయితే బ్యాంకు వంతు 1 కోటికి దిగుతుంది. పేజీ ఒకటిలో 15 కోట్లు అని వ్రాసి, పేజీ ఇరవైలో 5 కోట్లు చూపించిన రిపోర్టుకు ప్రశ్నలతో కూడిన ఉత్తరం రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ ఉత్తరానికి సమాధానం వ్రాసేలోగా సీజను నెల గడిచిపోతుంది.

అందుచేత మొదటి పేజీలోనే రెండు అంకెలు వేరుగా చెప్పడం మేలు. కొట్టు ద్వారా రైతుల తరఫున అమ్మిన సరుకు ఇంత, దానిపై వచ్చిన కమీషన్ ఇంత. సొంత ఖాతాపై కొని అమ్మిన సరుకు ఇంత. మొదటి అంకె కూడా బలమే. అది రైతుల విశ్వాసానికి కొలత. కాకపోతే దానిని మరొక పేరుతో పిలవకూడదు.

రూపాయలకంటె క్వింటాళ్లు

మిర్చి వంటి సరుకులో రూపాయల అంకె ఒక్కటే చూపిస్తే మరొక ఇబ్బంది ఉన్నది. 2021-22లో నల్ల తామర పురుగు ఆంధ్రప్రదేశ్, తెలంగాణా తోటలను దెబ్బతీసింది. ఆ తరువాత 2023లో తేజ రకం క్వింటాలు 20 వేల రూపాయలు దాటి అమ్ముడైన రోజులను యార్డులోని వారెవరూ మరచిపోలేదు. 2025 ఆరంభానికి పరిస్థితి తారుమారైంది. ధరలు పడిపోయి, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం క్రింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించి, 2 లక్షల 54 వేల టన్నులకు వర్తింపజేయవలసి వచ్చింది.

ఈ ఎగుడుదిగుడులను ఒక సంస్థ లెక్కలకు అన్వయిస్తే సంగతి తేలుతుంది. ఏడాదికి 7,500 క్వింటాళ్లు అమ్మే సంస్థ, క్వింటాలు 20 వేలు పలికిన ఏడాది 15 కోట్ల అమ్మకాలు చూపిస్తుంది. అదే సరుకును 11,781 రూపాయలకు అమ్మితే మొత్తం సుమారు 8 కోట్ల 84 లక్షలు. ఒక్క ఖాతాదారు పోలేదు, ఒక్క టిక్కీ తగ్గలేదు. కానీ కాగితంపై వ్యాపారం దాదాపు సగానికి సగం కుంగినట్టు కనిపిస్తుంది. పరిశీలనాధికారి మిర్చి ధరల చరిత్ర తెలిసినవాడు కాకపోతే, సంస్థ దెబ్బతిన్నదని వ్రాస్తాడు. దీనికి విపర్యయం కూడా నిజమే. ధర పెరిగిన ఏడాది అంకె చూపించి "దినదినాభివృద్ధి" అని చెప్పుకున్న సంస్థ, ఆ ఏడాది నిజానికి తక్కువ సరుకు అమ్మి ఉండవచ్చు.

టిక్కీల లెక్క, క్వింటాళ్ల లెక్క ప్రతి కొట్టులోనూ ఉంటుంది. కాటా పుస్తకాల్లో, పట్టీ నకళ్లలో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. ఐదేళ్ల పరిమాణాన్ని ఒక చిన్న పట్టికగా వేసి, పక్కన ఆ ఏటి సగటు ధర చూపిస్తే, వ్యాపారం నిలకడ ఎంతో, ధర ప్రభావం ఎంతో విడివిడిగా తెలుస్తుంది. ఈ పట్టిక తయారుచేయడానికి గుమాస్తాకు రెండు రోజులు పడుతుంది. రిపోర్టులో దీనికి మించిన బలం మరొకటి వ్రాయడం కష్టం.

రైతుల విశ్వాసాన్ని కూడా ఇట్లే కొలవవచ్చు. "వేలాది రైతుల ఆదరణ" అనడం తేలిక. ఐదేళ్లు వరుసగా అదే కొట్టుకు సరుకు తెచ్చిన రైతులు ఎందరు, వారు ఏ మండలాల వారు, వారు తెచ్చింది మొత్తం సరుకులో ఎన్నో వంతు అని పట్టీలను బట్టి లెక్కతీస్తే అంకె వేలల్లో ఉండదు, వందల్లోనే ఉండవచ్చు. అయినా అదే నమ్మదగినది. సాగు సమయంలో రైతులకు ఇచ్చిన బదుళ్లు ఎంత, అందులో సీజను ముగిసేసరికి వసూలు కానిది ఎంత అన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ఆస్తి అప్పుల పట్టీలో అవి ఎటూ ఋణగ్రస్తుల క్రింద కనిపిస్తాయి. ముందే వివరించకపోతే బ్యాంకు వాటిని మొండి బాకీలుగా భావించే ప్రమాదం ఉన్నది.

పూర్వాపరాల్లో తేదీలు

ఇక సంస్థ చరిత్ర. దీనికి పొడుగు అవసరం లేదు గాని తేదీలు అవసరం. సంస్థ రూపం ఎప్పుడెప్పుడు మారిందో బ్యాంకుకు ముఖ్యం. భాగస్వామ్య చట్టం 1932 నాటిది. దానిలోని 69వ సెక్షను ప్రకారం రిజిస్టరు కాని భాగస్వామ్య సంస్థ, ఒప్పందం మీద ఏర్పడిన హక్కు కోసం బయటివారిపై దావా వేయజాలదు. ఉత్తరాదికి అరువుపై సరుకు పంపే సంస్థకు ఇది చిన్న విషయం కాదు. 42వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. తండ్రికి 70 ఏళ్లు దాటిన సంస్థ రిపోర్టు చదివే అధికారి మొదట వెతికేది ఈ షరతునే. "తండ్రిగారి దివ్య మార్గదర్శకత్వంలో" అన్న వాక్యం అతనికి బలంగా కనిపించదు. ఆయన తరువాత ఎవరు అన్న ప్రశ్నగా కనిపిస్తుంది.

పైన ఊహించుకున్న సంస్థ అయితే పినతండ్రి విడిపోయిన సంగతిని దాచకుండా, ఏ సంవత్సరం విడిపోయారు, ఆయన వాటా ఎంత చెల్లించారు, ఏ దస్తావేజు ద్వారా పరిష్కారమైంది అని రెండు వాక్యాల్లో వ్రాయాలి. బజారులో పినతండ్రి కొట్టు అదే ఇంటిపేరుతో నడుస్తున్నప్పుడు ఇది మరీ అవసరం. ఒకరి బాకీ ఇంకొకరికి అంటగట్టే పొరపాట్లు ఋణ సమాచార సంస్థల నివేదికల్లో జరగకపోవు.

పేర్లు మారడం చిన్న సంస్థలకే పరిమితమైన వ్యవహారం కాదు. గుంటూరు ప్రాంతపు పొగాకు వ్యాపారంతో శతాబ్దానికి పైగా ముడిపడిన ఐ.టి.సి. 1910లో ఇంపీరియల్ టొబాకో కంపెనీగా పుట్టింది. ఆకు కొనుగోలుకు 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడింది. చీరాల వైపు ఐ.ఎల్.టి.డి. అంటే తెలియనివారుండరు. మాతృసంస్థ 1970లో ఇండియా టొబాకో కంపెనీగా, 1974లో ఐ.టి.సి.గా మారింది. ఏ మార్పు ఏ సంవత్సరం జరిగిందో ఎవరైనా వేలుపెట్టి చూపగలరు. యార్డులోని చిన్న సంస్థ తన మార్పులను అంత తేటగా చూపించడానికి ఖర్చేమీ కాదు.

పాత రిపోర్టును తిరగ టైపు చేయించేవారు గమనించవలసిన సంగతులు మరికొన్ని ఉన్నాయి. "మా బ్యాంకర్లు: ఆంధ్రా బ్యాంకు" అని ఇప్పటికీ వ్రాసే సంస్థలున్నాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. వైశ్యా బ్యాంకు పేరు ఐ.ఎన్.జి. వైశ్యాగా మారి, 2015లో కోటక్ మహీంద్రాలో విలీనమైంది. ఆ బ్యాంకులతో ఎన్నేళ్లు లావాదేవీలు నడిచాయో చెప్పుకోవడం మంచిదే, అది చరిత్ర. వర్తమాన కాలంలో చెప్పడమే పొరపాటు. చిరునామాల సంగతీ ఇంతే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడిన తరువాత చిలకలూరిపేట, ఎడ్లపాడు పల్నాడు జిల్లాలో ఉన్నాయి. చీరాల బాపట్ల జిల్లాలోనిది. గిడ్డంగి చిరునామాలో పాత జిల్లా, దస్తావేజులో కొత్త జిల్లా ఉంటే న్యాయ సలహాదారు ఒక ఆక్షేపణ వ్రాయక మానడు.

అమ్మకపు పన్ను నంబర్లనుంచి 2005లో వ్యాట్‌కు, 2017 జులై 1న జి.ఎస్.టి.కి మారిన చరిత్ర ఒక వాక్యంలో చెబితే సంస్థ అంతకాలంగా పన్ను చట్టాల పరిధిలో ఉన్నదని తెలుస్తుంది. ఉద్యం రిజిస్ట్రేషన్ విషయంలో వర్తకులకు ఒక అపోహ ఉన్నది. 2021 జులైలో టోకు, చిల్లర వర్తకులను ఈ రిజిస్ట్రేషన్‌లోకి అనుమతించిన మాట నిజమే గాని, అది ప్రాధాన్య రంగ ఋణాల ప్రయోజనానికి మాత్రమే. చిన్న పరిశ్రమలకున్న తక్కిన సౌకర్యాలు వర్తకానికి వర్తించవు. కారంపొడి యూనిట్ ఉత్పత్తి క్రిందికి వస్తుంది, కొట్టు వర్తకం క్రిందికి వస్తుంది. రిపోర్టులో రెండిటినీ కలగాపులగం చేయరాదు.

చెడ్డ సంవత్సరం

అన్నిటికంటె ఎక్కువ తర్జనభర్జన జరిగేది నష్టపోయిన సంవత్సరం గురించి. పైన ఊహించుకున్న సంస్థకు అటువంటి ఏడాది ఒకటి ఉన్నదనుకుందాం. ఉత్తరాది వ్యాపారి ఒకరికి వరుసగా అరువుపై సరుకు పంపారు. ఆయన చెల్లించలేదు. గిడ్డంగిలో ఉన్న సరుకు ధర అదే సమయంలో పడింది. బ్యాంకు బాకీ గడువు 90 రోజులు దాటి ఖాతా నిరర్థకమైంది. తండ్రి పొలం అమ్మి, ఏడాదిన్నరలో అసలు వడ్డీలతో సహా చెల్లించారు.

కుమారుడు దీనిని రిపోర్టులో వ్రాయవద్దంటాడు. ఆడిటరు కూడా "అడిగితే చెబుదాం" అంటారు. బజారులో ఎక్కువమంది సలహా ఇదే. ఈ సలహా పాతకాలానికి సరిపోవచ్చు. ఇప్పుడు సంస్థ, భాగస్వాముల ఋణ చరిత్ర బ్యాంకు అధికారి బల్లమీదకు రిపోర్టు కంటె ముందే వస్తుంది. జి.ఎస్.టి. రిటర్నులు, బ్యాంకు ఖాతా కదలికలు, ఆదాయపు పన్ను పత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆ చెడ్డ సంవత్సరం ఎటూ కనబడుతుంది. కనబడిన తరువాత, రిపోర్టులో దాని ఊసే లేదని గమనిస్తే, తక్కిన పేజీల్లోని నిజాలమీద కూడా నీడ పడుతుంది. పొలం అమ్మి బాకీ తీర్చిన మనిషి, బాకీ దాచిన మనిషిగా ఫైలులో మిగిలిపోతాడు. అంతకంటె అన్యాయం మరొకటి ఉండదు.

వ్రాయవలసింది ఎక్కువ కాదు. తెలుగులో చెప్పాలంటే ఈ మాదిరిగా ఉంటే చాలు: "ఫలానా సంవత్సరంలో ఒకే కొనుగోలుదారు వద్ద మా మొత్తం అరువు అమ్మకాల్లో సగానికి పైగా నిలిచిపోయినందున మా ఖాతా నిరర్థకంగా వర్గీకరింపబడింది. స్థిరాస్తి అమ్మి 18 నెలల్లో పూర్తిగా చెల్లించాము. బ్యాంకు ఇచ్చిన బాకీ లేని పత్రం జతపరచడమైనది. అప్పటినుంచి ఏ ఒక్క కొనుగోలుదారుకూ మొత్తం అరువులో నూటికి 15 వంతులకు మించి ఇవ్వడం లేదు. గత ఐదేళ్ల బకాయిల పట్టిక ఇందుకు ఋజువు." ఇందులో విశేషణం ఒక్కటి లేదు. ఆఖరి రెండు వాక్యాలు మాత్రం నిజం కావాలి. పద్ధతి మార్చుకోకుండా మార్చుకున్నామని వ్రాస్తే పట్టిక దానిని బయటపెడుతుంది.

కారంపొడి బలాలు వేరు

కమీషన్ కొట్టు నడపడంలో ఉన్న అనుభవం పొడి యూనిట్‌కు తనంతట తానే బలం కాజాలదు. కాయ కొనడం వచ్చినవారికి పొడి అమ్మడం వచ్చి తీరాలని లేదు. రిపోర్టులో ఈ రెండిటినీ కలిపే వంతెన కనిపించాలి.

ఆ వంతెన సరుకు నాణ్యతను గుర్తించే నేర్పు. యార్డులో కాయను చేత్తో నలిపి, గింజ శబ్దం విని, రంగు చూసి తేమ అంచనా వేసే అనుభవం తండ్రిది. తాలు ఎంత కలిసిందో దూరంనుంచే చెప్పగలరు. కానీ విదేశీ కొనుగోలుదారు ఆ చేతిని కొనడు. అతనికి రంగు ఆస్టా ప్రమాణంలోనూ, కారం స్కోవిల్ యూనిట్లలోనూ కావాలి. గుంటూరు సన్నం కారం సుమారు 35 వేలనుంచి 40 వేల స్కోవిల్ యూనిట్లని చెబుతారు. తేజ అంతకంటె చాలా ఘాటు. బ్యాడిగిలో రంగు ఎక్కువ, కారం తక్కువ. ఏ రకాన్ని ఏ పాళ్లలో కలిపితే కొనుగోలుదారు అడిగిన రంగూ కారమూ వస్తాయో తెలిసి, దానిని పరీక్షా పత్రంతో నిరూపించగలిగితే అది వ్రాసుకోదగ్గ బలం. తండ్రి అంచనాలను, లేబొరేటరీ ఫలితాలను ఒక సీజనంతా పక్కపక్కన నమోదు చేసిన పుస్తకం ఉంటే మరీ మంచిది.

ఇక్కడ 2003 నాటి అనుభవాన్ని ఎగుమతిదారులు మరచిపోరాదు. ఆ ఏడాది ఫ్రాన్సులో భారతదేశపు కారంపొడిలో సూడాన్ 1 అనే నిషిద్ధ రంగు బయటపడింది. యూరోపియన్ యూనియన్ జూన్‌లో పరీక్షా పత్రం లేనిదే సరుకు రానివ్వరాదని నిర్ణయించింది. సుగంధద్రవ్యాల బోర్డు ఎగుమతికి ముందు పరీక్షను తప్పనిసరి చేసింది. అయినా 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఆ రంగు కలిసిన పాత కారంపొడితో తయారైన సాసు కారణంగా వందలాది ఆహార పదార్థాలను దుకాణాలనుంచి వెనక్కు తీసుకోవలసి వచ్చింది. ఎక్కడో ఒక బస్తాలో కలిసిన రంగు ఎన్ని కంపెనీల మెడకు చుట్టుకున్నదో అప్పుడు తెలిసివచ్చింది. అప్పటినుంచి కొనుగోలుదారులు అడిగేది ఒక్కటే: ఈ పొడి ఏ కాయతో చేశారు, ఆ కాయ ఎవరి వద్ద కొన్నారు?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగే స్థానంలో కమీషన్ ఏజెంటు ఉన్నంతగా మరెవరూ లేరు. రైతు పేరు, ఊరు, తెచ్చిన తేదీ, టిక్కీల సంఖ్య అతని పట్టీ పుస్తకంలోనే ఉన్నాయి. గిడ్డంగిలో పెట్టేటప్పుడు ఆ లాటు నంబరు చెడకుండా కాపాడుకుంటే పొడి సంచి మీది నంబరు నుంచి తోట ఊరు దాకా వెనక్కు వెళ్లవచ్చు. బూజు విషమైన అఫ్లటాక్సిన్‌కు యూరప్‌లో పరిమితులు కఠినం. బి 1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం 10 మైక్రోగ్రాములు మించరాదు. కల్లంలో సరిగా ఎండని కాయ ఏ ఊరినుంచి వస్తున్నదో తెలిసిన సంస్థ ఆ లాటును ఎగుమతి పొడికి వాడకుండా పక్కన పెట్టగలదు. నలభై ఏళ్ల కమీషన్ వ్యాపారానికి, కొత్త పొడి యూనిట్‌కు మధ్య నిజమైన సంబంధం ఇది. ఆశ్చర్యమేమంటే రిపోర్టుల్లో ఈ ముక్క దాదాపుగా కనిపించదు. దానికి బదులు యంత్రాల ఫోటోలు నాలుగు పేజీలు ఉంటాయి.

గిడ్డంగి నిల్వల విషయం కూడా బలాల్లోనే చేర్చవచ్చు. ఒకే సరుకును రెండు చోట్ల తనఖా పెట్టడం గురించి బ్యాంకులకు ఉన్న భయం అకారణమైనది కాదు. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ సంస్థ వద్ద రిజిస్టరైన గిడ్డంగులు 2017 నుంచి ఎలక్ట్రానిక్ రసీదులు ఇస్తున్నాయి. అటువంటి రసీదుపై తనఖా నమోదైతే అదే రసీదును మరొకచోట పెట్టడం కుదరదు. సంస్థ సరుకు నిల్వ చేసే గిడ్డంగి రిజిస్టరైనదా కాదా, బీమా ఎవరి పేర ఉన్నది, నెలవారీ నిల్వల పట్టిక బ్యాంకుకు ఏ తేదీకల్లా అందుతున్నది అన్న మూడు సంగతులు చెబితే చాలు. మూడో దానిలో క్రమం తప్పని సంస్థ ఆ సంగతిని సగర్వంగా వ్రాసుకోవచ్చు. బ్యాంకు వద్ద తేదీ ముద్రలున్న నకళ్లు ఉంటాయి.

పేర్లు చెప్పడానికి జంకు

కొనుగోలుదారుల జాబితా ఇవ్వడానికి మాత్రం చాలామంది వెనుకాడుతున్నారు. రిపోర్టు నకలు బ్యాంకు, ఆడిటరు, కన్సల్టెంటు, యంత్రాల ఏజెంటు చేతులు మారుతుంది. అదే కన్సల్టెంటు రేపు ఎదురుకొట్టు వారికి రిపోర్టు వ్రాస్తాడు. ఎవరికి ఎంత సరుకు పోతున్నదో బయటపడితే క్వింటాలుకు పాతిక రూపాయలు తగ్గించి ఆ ఖాతాను ఎగరేసుకుపోయేవారు యార్డులో లేకపోలేదు. ఈ జంకు సహేతుకమైనదే.

దీనికి కొందరు ఎగుమతిదారులు అనుసరించే పద్ధతి అనుకూలంగా ఉన్నది. అసలు రిపోర్టులో కొనుగోలుదారుల పేర్లకు బదులు ఊరు, దేశం, ఎన్నేళ్లుగా కొంటున్నారు, గత మూడేళ్లలో ఎన్ని క్వింటాళ్లు, చెల్లింపుకు సగటున ఎన్ని రోజులు పట్టింది అన్న వివరాలు మాత్రం ఇస్తారు. పేర్లతో కూడిన జాబితాను విడి కాగితంపై సంతకం చేసి, మూసిన కవరులో బ్యాంకు అధికారి చేతికే ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకుంటారు. కన్సల్టెంటుకు ఆ కవరు చూపరు.